లస్మవ్వ చుట్టూ గీతలు

లింబాయత్, సూరత్

అక్కకు,

తమ్ముడు సంతోష్ నీకూ బావకూ దండం పెట్టి రాస్తున్నాడు. నేను బాగున్నాను. మీరిద్దరూ బాగున్నారా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో అడగొచ్చు కదా అంటావు. నువ్వు ఫోనెత్తితే వెనక బావ మరమగ్గాల సాంచలు దడదడలాడతాయి, నేనేం చెప్పినా "ఆఁ? ఏంది?" అంటావు. ఈ సంగతి అరిచి చెప్పేది కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఆరేసిన బట్ట ఆరదు. బయట తిందామంటే పప్పులోనూ బెల్లమే. నేను మాత్రం లస్మవ్వ మెస్సులో తింటున్నాను. ఆమెది మన జగిత్యాల వైపు. సాంచల మీద పనిచేసే మనవాళ్ళంతా అక్కడికే వస్తారు, అందరూ ఆమెను అత్తా అనే పిలుస్తారు, నేను కూడా. తిండికి లోటు లేదు, నువ్వు బెంగపెట్టుకోకు. లోటంతా మాటలకే. ఆఫీసులో వాళ్ళు గుజరాతీలో నవ్వుకుంటారు, నాకు అర్థమయ్యేసరికి వాళ్ళ నవ్వు అయిపోతుంది. ఆదివారం వస్తే ఎలా గడపాలో తెలియదక్కా.

ఏం పని చేస్తావురా అని అడుగుతుంటావు కదా. ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘానికి మా ఆఫీసు ఒక సాఫ్ట్‌వేర్ చేసింది. సూరత్‌లో మనవాళ్ళలో ఎవరికి ఎవరు ఏమవుతారో అందులో ఉంటుంది. ఒకరికి ఆపదొస్తే, పేరు కొట్టగానే దగ్గరి చుట్టం ఎవరో చెప్పాలి. మనుషులు చుక్కలు, చుట్టరికాలు గీతలు. ముగ్గు అనుకో. దాన్ని గ్రాఫ్ డేటాబేస్ అంటారు. తెలుగువాణ్ణి కదా అని మా సేఠ్ దాన్ని నాకే అప్పగించాడు.

రెండు నెలల కింద నర్సయ్య అనే పెద్దాయన సాంచ దగ్గరే కుప్పకూలాడు. ఆపరేషన్‌కు ఒప్పుకోవడానికి సొంతవాళ్ళు రావాలన్నారు ఆసుపత్రిలో. సంఘంవాళ్ళు ఆయన పేరు కొట్టారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అరగంటకు అదీ ఆగిపోయింది. ఆ నోటా ఈ నోటా అడిగి, ఈ ఊళ్ళోనే వడోద్‌లో ఉన్న ఆయన మేనల్లుణ్ణి పట్టుకునేసరికి పొద్దుగూకింది. ప్రాణం దక్కింది కానీ కుడి చేయి లేవడం లేదు. నేతపని చేసే మనిషికి కుడి చేయి, అక్కా. నాదే తప్పని ఎవరూ అనలేదు. నాకే నాలుగు రోజులు అన్నం సహించలేదు.

ఇక అదే పని పట్టుకున్నాను. సర్వర్‌కు మెమరీ పెంచాను, లాభం లేదు. పేర్లకు ఇండెక్స్ పెట్టాను. నర్సయ్య చుక్క వెంటనే దొరికింది, ఆ తర్వాత మళ్ళీ నత్తనడకే. అప్పుడు ఆ వెతుకులాట ఏ అడుగులో ఎన్ని గీతలు తొక్కుతోందో విడదీసి చూశాను. మొదటి అడుగులో పది. రెండో అడుగుకు వేలు. మూడో అడుగుకు లక్షలు. అన్నీ ఒకే చుక్క మీదుగా పోతున్నాయి. ఎవరా అని చూస్తే లస్మవ్వ!

సంఘంవాళ్ళు నింపిన ఫారాలు పట్టుకుని సాంచల దగ్గరికి పోయాను. ఒకాయనను అడిగాను.

"లస్మవ్వ నీకేమైతది అన్నా?"

"అత్తయితది."

"అంటే మీ నాయిన చెల్లెనా?"

"ఏ, గట్ల కాదు తమ్మీ. రోజు ఆమె చేతి బువ్వ తింటున్న. అత్త అనకుంటె ఏమంటరు?"

"మరి ఫారంల రాసిన ఈ మామ?"

"పక్క సాంచ నడుపుతడు. మామనే గద!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు మాటలు కలిస్తే వరుస కలిపేసే జాతి మనది. ఫారాలు నింపినవాళ్ళూ మనవాళ్ళే, చెప్పింది చెప్పినట్టు రాశారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించిన నేనూ మనవాణ్ణే, నాకూ అనుమానం రాలేదు. లస్మవ్వకు ఊరంతా అల్లుళ్ళే అయ్యారు. ఎవరికోసం వెతికినా ఆమె గడప తొక్కి, అక్కణ్ణుంచి అందరి ఇళ్ళూ తిరిగి రావాల్సిందే.

నెల రోజులు ఒక్కొక్కరినీ అడిగాను. రక్తసంబంధం, పెళ్ళి సంబంధం ఒక రకం గీత చేశాను. పిలుపు వరుస ఇంకో రకం. వెతికేటప్పుడు మొదటి రకం మీదే నడవాలి, అదీ నాలుగు అడుగులు దాటకూడదు. నర్సయ్య పేరు కొట్టాను. రెప్పపాటులో మేనల్లుడి పేరొచ్చింది. సేఠ్ వీపు తట్టి, "వాహ్! అబ్ అప్నా నామ్ డాల్" అన్నాడు, నీ పేరు కొట్టు అని.

కొట్టాను. అదీ రెప్పపాటులోనే వచ్చింది. ఎవరూ లేరు. మొన్నటిదాకా ఊరంతా చుట్టాలే, ఇప్పుడు ఒక్క చుక్క. "కిత్నా ఫాస్ట్ హై!" అని సేఠ్ దాని వేగానికి మురిసిపోయాడు. నేను పోయి ముఖం కడుక్కున్నాను. వచ్చిన జవాబులో తప్పు లేదక్కా, ఏడుపొచ్చింది అందుకే.

సాయంత్రం మెస్సులో లస్మవ్వకు ఇదంతా చెప్పాను. పెనం మీద రొట్టె తిప్పుతూ, "గిప్పుడు నా పేరు కొడితె ఎవరొస్తరు బిడ్డా?" అంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ పేరు నేను అప్పటికే కొట్టి చూశాను.

"ఇయ్యాల మిషిన్ బందుంది అత్తా" అని అబద్ధమాడాను.

"తెల్సులే. తిను, సల్లారుతది" అంది.

మర్నాడు సంఘంవాళ్ళకు చెప్పి మూడో రకం గీత పెట్టాను. చుట్టరికం కాదు, పిలుపూ కాదు. ఆపదొస్తే పరుగెత్తే మనిషి. ఇద్దరూ సరే అంటేనే ఆ గీత పడుతుంది. లస్మవ్వకు నా పేరు రాశాను. నువ్వు కాదనవని నాకు మొదట నీ పేరే రాశానక్కా. తర్వాత ఆలోచించాను, నువ్వు రైలెక్కి వచ్చేసరికి ఒక రోజు దాటుతుంది. నీ పేరు కిందికి జరిపి, లస్మవ్వను అడిగి పైన ఆమె పేరు రాశాను. కోపం చేసుకోకు.

వచ్చేవాళ్ళుంటే చింతకాయ తొక్కు పంపు, ఆమెకూ కలిపి. నాయినకూ అమ్మకూ నా దండాలు చెప్పు. ఈ తమ్ముణ్ణి దీవించు.

లస్మవ్వ నీ నంబరు అడిగి రాసుకుంది. ఎందుకత్తా అంటే, "నీకేమన్నయితె మీ అక్కకు నేనే జెప్పాలె గద" అంది. సూరత్ నుంచి తెలియని నంబరు వస్తే ఎత్తక్కా.

నీ తమ్ముడు
సంతోష్