దొరబాబు దగ్గు

ముక్తేశ్వరం,
జూన్ 4.

డాక్టరు వరప్రసాదం గారికి, మంగరాజు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదండి. మీరు మా ఊరి పశువుల ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మా గేదెకు ప్రాణం పోశారు. రిటైరై అమలాపురం వెళ్ళినా మీరే దిక్కు. ఫోను చేస్తే, నాన్నగారికి వినపడదు, ఉత్తరం రాయండి అని మీ అమ్మాయి జాస్మిన్ గారు చెప్పారు.

మా బావమరిది శివాజీ హైదరాబాదులో కొని, కాగితాలతో సహా తెచ్చిచ్చిన ఆఫ్రికా చిలుక ఉంది. పేరు దొరబాబు. నెల రోజులుగా రొమ్ము మీద ఈకలు తనే పీక్కుంటున్నాడు. చూడబోతే కూరకి సిద్ధం చేసిన కోడిలా ఉన్నాడు. చూసినవాళ్ళంతా దిష్టి అన్నారు. మా ఆవిడ భూలక్ష్మి రోజూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పంజరం దగ్గరే కుంపట్లో వేస్తోంది. ఆపైన ఎప్పటిలాగే ఇల్లంతా సాంబ్రాణి. దోమలకి కొబ్బరి పీచు పొగ సరేసరి. నా వంతుగా నేను రోజూ సాయంత్రం పంజరం పట్టుకుని పెరటి కొబ్బరి పాకలోకి వెళ్ళి, గంటసేపు వాడి మెడ నిమిరి గాలి మార్పు చేయిస్తున్నాను. పిల్లాడిలా పెంచుకున్నానండి. వాడు లేకపోతే నాకు ఆ పాకలో తోడెవరూ లేరు.

ఇట్లు,
మంగరాజు

తా.క. మిరపకాయలు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టంటారు. మాకు ఘాటొచ్చి ఇద్దరం వీధిలోకి పరిగెత్తాం. అంటే దిష్టి లేనట్టే. అయినా ముందుజాగ్రత్తగా రోజూ తీస్తోంది.

అమలాపురం,
జూన్ 9.

మంగరాజు గారికి, వరప్రసాదం ఆశీస్సులు.

దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, దిష్టి తీసే పొగ మాత్రం దొరబాబును చంపుతుంది. పక్షి ఊపిరి మనదానికన్నా నాజూకు. కుంపటి, సాంబ్రాణి, పీచు పొగ, అగరొత్తులు, దోమల కాయిల్ ఈ రోజే మానేయండి. పంజరాన్ని వంటింటికి దూరంగా, వెలుతురు వచ్చేచోట పెట్టండి. కొరుక్కోవడానికి పీచున్న కొబ్బరి డొక్క ముక్కలివ్వండి.

శ్రేయోభిలాషి,
వరప్రసాదం

తా.క. ఇంట్లో చుట్ట తాగేవాళ్ళున్నారా? ఆ చేత్తో ముట్టుకున్నా చిలుక ఈకలు పీక్కుంటుంది.

ముక్తేశ్వరం,
జూన్ 17.

డాక్టరు గారికి నమస్కారాలు.

చూశారా, అంతా మా ఆవిడ పొగే. అన్నీ మాన్పించాను. దోమలు మమ్మల్ని పీల్చి పిప్పి చేస్తున్నాయి. వంటలో కూడా పొగ రాకూడదని భూలక్ష్మి కొత్తగా నాన్‌స్టిక్ పెనం కొంది. మొన్న దాన్ని ఖాళీగా పొయ్యి మీద పెట్టి, వీధిలో చేపలమ్మితో బేరంలో పడింది. పొగంటూ పెద్దగా రాలేదు గానీ, దొరబాబు పంజరంలో కొమ్మ మీంచి ధబ్బున పడ్డాడు. పంజరం ఎత్తుకుని తోటలోకి పరిగెత్తాను. వాడు కళ్ళు తెరిచేదాకా తువ్వాలుతో విసురుతూనే ఉన్నాను. పెనం కాలవలో పారేశాను.

ఇప్పుడు కొత్త జబ్బు. దగ్గు పట్టుకుంది. మూడు పొడి దగ్గులు, ఒక పెద్ద దగ్గు, ఆపైన గొంతు సవరించుకుని "నారాయణ" అంటాడు. రోజురోజుకీ ఎక్కువవుతోంది.

ఇక చుట్ట మాట. ఏడేళ్ళ క్రితమే మా అమ్మాయి దుర్గాభవాని తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టి మానేశాను. ఒట్టు తప్పితే కీడు బిడ్డకండి. అలాంటి తండ్రిని కాను.

ఇట్లు,
మంగరాజు

తా.క. సాంబ్రాణి మానమంటే భూలక్ష్మి ఏడ్చింది. చిలుకకన్నా ధూపం ఎక్కువా అని అడిగాను. నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అమలాపురం,
జూన్ 21.

మంగరాజు గారికి,

ఖాళీ పెనం వేడెక్కితే పొగ కనిపించకుండానే పక్షిని చంపుతుంది. దొరబాబు బతకడం దేవుడి కృప.

దగ్గు రోగం కావచ్చు గానీ, "నారాయణ" రోగం కాదు. చిలుకకు ఊపిరి జబ్బు చేస్తే ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. ఇలా దగ్గదు. రోజూ పక్కన కూర్చుని ఎవరు దగ్గుతున్నారో వారిదే అప్పజెబుతోంది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

మీ మేలు కోరే,
వరప్రసాదం

తా.క. నేను పశువుల డాక్టరును, మనుషులకు చీటీ రాయకూడదు. అందుకని దొరబాబు పేరునే రాస్తున్నాను: ఛాతీకి ఎక్స్‌రే తీయించవలెను. దొరబాబును ఇంట్లో ఉంచి, మీరు వెళ్ళండి.

ముక్తేశ్వరం,
ఆగస్టు 30.

డాక్టరు గారికి, మంగరాజు గారి భార్య భూలక్ష్మి నమస్కారాలు.

మీ ఉత్తరం నేనే విప్పి, పాకలోకి వెళ్ళి ఆయనకు చదివి వినిపించాను. పంజరంలోంచి దొరబాబు మూడుసార్లు దగ్గి "నారాయణ" అన్నాడు. అప్పుడు ఆయన చూరులోంచి చుట్టల కట్ట తీసి నా చేతిలో పెట్టి, "వాడు చెప్పేసేడే భూలక్ష్మీ" అన్నారు.

నాకు ఏడేళ్ళుగా తెలుసండి. ఒట్టు తప్పారని నేను పైకి అంటే ఆ మాట నిజమైపోయి, కీడు అమ్మాయికి తగులుతుందని భయం. ఆ వాసన నా ముక్కుకి కూడా తెలియకూడదనే రోజూ సాంబ్రాణి వేసేదాన్ని. ఆయన పొగని నా పొగతో కప్పేను. మధ్యన ఆ మూగజీవి ఈకలు పీక్కుంది. ఆ పాపం నాదీ, ఆయనదీ.

కొత్తపేటలో టీచరుగా ఉన్న అమ్మాయికి ఫోను చేసి చెప్పాం. "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. ముందు నాన్నని ఆసుపత్రికి తీసుకురండి" అంది. అక్కడ పరీక్షలు చేసి, ఊపిరి గొట్టాలు చెడ్డాయన్నారు. ఇంకో ఏడాది ఆగితే ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని బతకాల్సి వచ్చేదట. ఇప్పటికి మందులతో గట్టెక్కాం. ఈసారి ఎవరి తల మీదా ఒట్టు పెట్టనివ్వలేదు.

ఇట్లు,
భూలక్ష్మి

తా.క. దొరబాబుకు రొమ్ము మీద ముళ్ళలా కొత్త ఈకలొస్తున్నాయి. ఆయనకి దగ్గు తగ్గింది గానీ, వాడికి తగ్గలేదు. రోజూ అన్నాల వేళకి దగ్గి "నారాయణ" అంటాడు. నేను గరిటె పట్టుకునే వెళ్ళి, ఆ దగ్గు పంజరంలోదేనని చూసుకుని, వచ్చి వడ్డిస్తున్నాను.