మహిపాల్ స్కూల్ ప్యాంటు

నిర్మలా,

పిల్లగాని స్కూల్ ప్యాంటు దండెం మీద ఉంది. నడుం పట్టీ లోపల మా కంపెనీ ముద్ర ఉంది. సోమవారం తొడిగే ముందు దాని మీద గుడ్డముక్క వేసి కుట్టు, తోటి పిల్లలు చూస్తే ఏడిపిస్తరు.

స్కూల్ దుకాణంల కొనే పని తప్పింది. ఎయిర్‌పోర్టు డ్యూటీకి కంపెనీ ఇచ్చిన నా కొత్త ప్యాంటునే తొండుపల్లి దర్జీ వానికి సరిపడా కత్తిరించి కుట్టిండు. రంగు అచ్చం కలిసింది. స్కూల్‌కు తీసుకుపోయి చూపిస్తే వాని క్లాసు సారు బట్ట నలిపి చూసి, "ఎక్కడ కొన్నవ్?" అన్నడు.

"ఎయిర్‌పోర్టుల," అన్న.

"మంచి సరుకు," అని మడతపెట్టి ఇచ్చిండు.

ఇగ యూనిఫాం లేదని మహిపాల్‌ను క్లాసు బయట నిలబెట్టరు. పానం నిమ్మళమైంది. మన చేనంతా ఎయిర్‌పోర్టు కింద పోయింది, ఇన్నేండ్లకు అది ఒక ప్యాంటన్న ఇచ్చింది.

మల్లేశం

నేను డ్యూటీకి పాత ప్యాంటే వేసుకొని పోతున్న. మోకాలు కాడ నువ్వేసిన అతుకు గట్టిగనే ఉంది.