సెలైన్ సీసకో ముడి

సిద్దిపేట, బుధవారం

భీవండిల ఉన్న రాజమల్లన్నకు చెల్లె స్వరూప రాసేది. బాపు కాలు ఆపరేషన్ మంచిగైంది, రంది పెట్టుకోకు. నువ్వు ఫోన్ ఎత్తుతలేవని కార్డు రాస్తున్న.

ఇంటికి పంపే రోజు దవాఖాన బిల్లుల పదహారు సెలైన్ సీసలు రాసిన్రు. అవ్వ కొంగుల నుంచి బీడీల దారం తీసి కౌంటర్ మీద పెట్టింది. సీస ఎక్కించినప్పుడల్లా ఒక ముడి ఏసిందట. చూస్తె తొమ్మిదే ముళ్లు.

"కంప్యూటర్ల పదహారున్నయ్ అమ్మా" అన్నడు కౌంటర్ల కూసున్నాయన.

"నలభై ఏండ్లసంది బీడీలు చేస్తున్న, నాకు లెక్క జెప్తవా? సిస్టర్ రాసిన కాయితం తియ్యి" అన్నది అవ్వ.

తీస్తె అండ్ల గుడ తొమ్మిదే. ఏడు సీసల పైసలు తీసేసి, కొత్త బిల్లు మీద ముద్ర గొట్టి ఇచ్చిన్రు.

దవాఖానోళ్లమని ఎవలన్న ఫోన్ జేసి పైసలడిగితె పంపకు, ముందుగాల నన్ను అడుగు. బాపు ఇన్సూరెన్స్ కార్డు నీ సంచిల వచ్చిందా? ఇంట్ల దొరుకుతలేదు. వదినె మంచిగున్నదా అని అడిగిన్నని చెప్పు, పిల్లకు నా ముద్దులు.

అవ్వ ఇప్పుడు ఇంకో దారం తీసింది. నువ్వు ఫోన్ చెయ్యని దినానికో ముడి. ఇయ్యాల్టికి పదకొండు.