ఉద్యోగాలిచ్చే కుర్చీ

నాన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక, ఉక్కు ఫ్యాక్టరీలో నీతో ఫర్నేస్ దగ్గర పనిచేసిన అప్పారావు మావయ్య చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మా వోడి ఉద్యోగం సంగతి ఏటి చేసేవు బేటీ? నీకు చెప్పి వేయిస్తానని మీ నాన్న మాటిచ్చేడు కదా!"

నేను కంపెనీలో హెచ్ఆర్‌లో చేరగానే, హెచ్ఆర్ అంటే ఉద్యోగాలిచ్చే కుర్చీ అని మన పవర్ హౌస్ బజారంతా చెప్పుకున్నావు. నీ గొప్పలు నీతోనే పోతాయనుకున్నాను. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, ఎంపిక కానివాళ్లకు ఫోన్ చేసి చెప్పడం, అంతే నా పని. నా కాంట్రాక్టే ఈ నెలాఖరుతో అయిపోతోంది. పొడిగిస్తారో లేదో నాకే తెలీదు.

అదంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. మావయ్య నీ ఫొటో వైపు చూస్తున్నాడు.

"చూస్తాను మావయ్యా" అన్నాను.

ఆయన నీ దండ సర్ది, నీతోనే అన్నాడు. "నీ మాట నిలబెట్టీసిందిరా నీ పిల్ల."