అంబారీ ముందు మావటి

ఏవండీ,

మీ సంవత్సరీకం రేపనగా, బెంజ్ సర్కిల్ నుంచి ఒకాయన కొండపల్లిలో మన ఇంటికొచ్చి, మనం చేసే అంబారీ ఏనుగు బొమ్మ అడిగాడు. "మావటిని తీసేయండమ్మా. రాజుగారొక్కరే ఉంటే దర్జాగా ఉంటుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మన పాత వాదనా గుర్తొచ్చింది. ఇక్కడి కోటను గెలిచిన అంతటి మహారాజు, తనను పెంచిన మంత్రి కళ్ళే తీయించాడంటారు కదా. అధికారమే ఆయన్ని చెడగొట్టిందనేవారు మీరు. కాదు, వద్దని చెప్పే మనిషి మిగలక చెడ్డాడనేదాన్ని నేను.

"మా ఇంట్లో మావటిని అతికించాకే రాజును ఎక్కిస్తామండీ. అలాగైతేనే తీసుకోండి" అన్నాను. ఆయన మావటితో సహా తీసుకెళ్ళాడు.

వాదనలో నేనే గెలిచాను. ఏడాదిగా ఈ ఇంట్లో నా మాటకు ఎదురే లేదు.

ఏం బాగాలేదండీ.