ఆడమ్స్ పక్షం

11 ఫిబ్రవరి 2018, ఆదివారం, ఉదయం 6.40

నవీన ఈ దేశం వదిలి పెర్త్ వెళ్ళిపోతోందట. నిన్న కామేశ్వరమ్మ ఆంటీ నాకు జాకెట్టు కొలతలు తీస్తూ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే ఆ మాట చెప్పారు. జూలై నాలుగున ఫ్లైట్. ఏడాదిలో ఇన్ని రోజులుంటే తనకు ఆ తేదీయే దొరికింది. కావాలనే తీసుకుంది. నాకు తెలుస్తుందనే తీసుకుంది. లేదా ఆ రోజు సీటు ఖాళీగా ఉందేమో. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇదే గోల.

అందుకే ఈ డైరీ. జాన్ ఆడమ్స్ కూడా డైరీ రాసేవాడు. అమెరికా రెండో ప్రెసిడెంట్. పొట్టి, లావు, బట్టతల, ముక్కు మీద కోపం, తన కష్టాన్ని ఎవరూ గుర్తించడం లేదన్న బాధ. అచ్చం నేనే. తొమ్మిదేళ్ళుగా నాకు ఆయనంటే పిచ్చి. వేరే ఆడవాళ్ళకు సినిమా హీరోల పిచ్చి ఉంటే తన భార్యకు మాత్రం రెండు వందల ఏళ్ళ కింద పోయిన లాయరు పిచ్చి ఉందని శశిధర్ అందరితో చెప్పుకుంటాడు. మొగుడన్నాక ఆ మాత్రం చెప్పుకోనివ్వాలి. ఫ్రిజ్ మీదున్న ఆయన బొమ్మ స్కూలుకు పట్టుకెళ్ళి, ఈయన మా తాతయ్య అని మా అమ్మాయి అక్షయ క్లాసులో చెప్పిందట. టీచర్ నన్ను పిలిచి, చాలా మర్యాదగా అడిగింది.

జూలై నాలుగు సంగతి రాయాలి. ఆడమ్స్, ఆయన స్నేహితుడూ ఆయన తర్వాతి ప్రెసిడెంటూ అయిన జెఫర్సన్, ఒకే రోజు పోయారు, 1826 జూలై నాలుగున. జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడని ఆడమ్స్ చివరి మాటగా అన్నాడంటారు. అప్పటికి జెఫర్సన్ పోయి కొన్ని గంటలైంది. ఈ ముక్క చదివి నేనూ నవీనా ఏడ్చాం. న్యూటౌన్ ఫ్లాట్‌లో, నేల మీద కూర్చుని, మ్యాగీ తింటూ.

12 ఫిబ్రవరి, సోమవారం, లంచ్ బ్రేక్

నవీనది సిరిసిల్ల. నాది తెనాలి. 2009లో ఇద్దరం స్టూడెంట్లుగా ఈ దేశం వచ్చాం, ఒక ఫ్లాట్, ఒక రైస్ కుక్కర్. చర్చి ఫెయిర్‌లో ఒక అట్టపెట్టె నిండా పాత పుస్తకాలు కొన్నాం. వంట పుస్తకాలు దొరుకుతాయని కొన్నాం. ఉన్నవి ఆడమ్స్, జెఫర్సన్‌ల ఉత్తరాలు. చలికాలం హీటర్ లేదు, వేరే పనీ లేదు. చదివేశాం.

తను జెఫర్సన్ పక్షం, నేను ఆడమ్స్ పక్షం. ఆటకు ఒకటే రూల్: చరిత్రలో మన మనిషి ఏం చేస్తే మనమూ అదే చేయాలి. ఆడమ్స్ తెల్లారకుండానే లేచేవాడు కాబట్టి టీ నేనే పెట్టాలి. జెఫర్సన్ పనులు వేరేవాళ్ళు చేశారు కాబట్టి గిన్నెలు కడగనంటుంది నవీన. బానిసల్ని పెట్టుకుని సమానత్వం రాసినవాడి పక్షాన ఎలా ఉంటావని నేను అరిచేదాన్ని. తన మనిషి మీద తనకూ ఆ కోపం ఉందనీ, అయినా మనుషులంతా సమానమన్న ఆ వాక్యం మాత్రం వదిలిపెట్టననీ తను అనేది. గిన్నెలు ఎక్కువ నేనే కడిగాను.

డెంటల్ క్లినిక్‌లో ఫోన్ మోగుతోంది. వెళ్ళాలి.

13 ఫిబ్రవరి

రూల్ ప్రకారం ముందు రాయాల్సింది నేనే.

17 ఫిబ్రవరి, శనివారం

అవును, నేనే. ఎలక్షన్ గొడవల తర్వాత ఆడమ్స్, జెఫర్సన్ పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. 1812 జనవరి ఒకటిన ఆడమ్స్ ముందు రాశాడు. కానీ పదకొండేళ్ళు ఆగాడు కదా. మాకు నాలుగే అయ్యాయి. నాకింకా ఏడేళ్ళు గడువుంది. ఈ లెక్క శశికి చెప్పాను. వాడు బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు.

గొడవ ఏమిటో కూడా రాస్తాను, ఎవరు చదువుతారు గనక. 2014 జూన్ రెండు. తెలంగాణ వచ్చిన రోజు. అప్పటికి నాకు పెళ్ళయి జాన్సన్‌విల్‌లో ఉన్నాం. నవీన డబుల్ కా మీఠా చేసుకుని ట్రెయిన్‌లో వచ్చింది. అప్పుడే మా నాన్నతో ఫోన్లో మాట్లాడి మండిపోయి ఉన్నాను. రాష్ట్రం తీసుకున్నారు సరే, నడపడం ఏం తెలుసు మీకు, అన్నీ మేం నేర్పిందే కదా అన్నాను. సరదాగా అన్నానని తర్వాత చాలామందికి చెప్పాను. సరదాగా అనలేదు.

తను డబ్బా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఏడాదే ఇక్కడి తెలుగు సంఘం కూడా రెండయింది. మాకు ఉగాది, వాళ్ళకు బతుకమ్మ. రెండు వైపులా జాకెట్లు కుట్టేది మాత్రం కామేశ్వరమ్మ ఆంటీ ఒక్కరే.

25 ఫిబ్రవరి, ఆదివారం

విచిత్రం. ఆంటీ ఫోన్ చేసి, తనకు కలొచ్చిందన్నారు. నేనూ నవీనా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్నామట. ఫోన్ పెట్టేసి ఉత్తరాల పుస్తకం తీశాను.

ఎందుకంటే ఇది చరిత్రలో జరిగింది. డాక్టర్ బెంజమిన్ రష్ అని ఆడమ్స్‌కూ జెఫర్సన్‌కూ స్నేహితుడు. ఇద్దరూ మళ్ళీ ఉత్తరాలు రాసుకుంటున్నట్టు కలొచ్చిందని ఆడమ్స్‌కు రాశాడు. కల పేరు పెట్టి కలపాలని చూశాడన్నమాట. ఆంటీ రాజమండ్రిలో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆవిడకు రష్ ఎవరో తెలిసే దారే లేదు. ఇది కాకతాళీయం కాదు, దైవసంకల్పం అని శశితో అన్నాను. దైవానికి వేరే పనుల్లేవా అన్నాడు.

అయినా కల విన్నాక కూడా ఆడమ్స్ రెండేళ్ళు ఆగాడు.

4 మార్చి, ఆదివారం

ఉత్తరం రాయను. అంతకంటే మంచి ఐడియా వచ్చింది. ఉగాది ప్రోగ్రాంలో ఆడమ్స్ ఏకపాత్రాభినయం చేస్తాను. తెనాలి హైస్కూల్లో ఝాన్సీ లక్ష్మీబాయికి ఫస్ట్ ప్రైజ్ కొట్టినదాన్ని. ముసలి ఆడమ్స్ కిటికీ దగ్గర నిలబడి దూరాన ఉన్న స్నేహితుణ్ణి పిలుస్తాడు. డైలాగులు నావే. వీడియో ఎలాగూ ఫేస్‌బుక్‌లో పెడతారు, తను చూస్తుంది. ముందు కదిలింది ఆడమ్సే అవుతాడు, నేను ఫోన్ చేయనక్కర్లేదు.

ఆంటీ తెల్ల ఉన్నితో విగ్గు అల్లుతున్నారు. శశి నల్లకోటు. మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు. నిద్రలోనూ డైలాగులే.

18 మార్చి, ఉగాది, సాయంత్రం 5.15

పరువు పోయింది. ఇంకా మేజోళ్ళు విప్పలేదు.

మొదలు బాగానే ఉంది. చెయ్యెత్తి, మిత్రమా, మన మధ్య ఇన్ని నీళ్ళు పారాయి, ఇక కట్ట వేద్దాం రా అని గొంతు చించుకున్నాను. ముందు వరసలో సుబ్బరామయ్య గారు, ధవళేశ్వరం ఆయన, కొడుకు దగ్గర ఉంటున్నారు, గబుక్కున లేచి చేతులు జోడించారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. స్టేజీ ఎక్కి నా మెడలో శాలువా వేసి మైకు తీసుకున్నారు. గోదావరికి ఆనకట్ట కట్టి మా తాతలకు అన్నం పెట్టిన కాటన్ దొరను ఈ పరాయి దేశంలో గుర్తు చేసుకున్న బిడ్డ అని నా గురించి పది నిమిషాలు మాట్లాడారు. హాలంతా లేచి నిలబడింది.

కోటు, విగ్గు, నీళ్ళు, కట్ట. పేరు మాత్రం నేను ఎక్కడా చెప్పలేదు. ఆడమ్స్ ఎవరికి తెలియదని! నేను ఆయన్ని కానండీ అని ఆ ముసలాయన కన్నీళ్ళ ముందు ఎలా చెప్పను? ఎత్తిన చెయ్యి దించి దణ్ణం పెట్టాను. ఉత్తమ నటి అని స్టీలు డబ్బా ఇచ్చారు.

19 మార్చి, ఉదయం 7.05

వీడియో ఎక్కింది. "కాటన్ దొరగా మన తాయారు." నవీన లైక్ కొట్టింది!

ఉదయం 7.40

లైక్ తీసేసింది.

2 ఏప్రిల్, ఈస్టర్ సోమవారం

పదకొండు కాగితాలు చింపాను. మొదటి దాంట్లో వాతావరణం. ఐదో దాంట్లో రెండు రాష్ట్రాల నీళ్ళ పంపకం, అది చింపడమే మంచిదయింది. పదకొండో దాంట్లో లైక్ ఎందుకు తీశావని.

బయట గాలికి చెత్తడబ్బాలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. లోపల నేను.

12 మే, శనివారం

వంటింట్లో అంట్లు తోముతూ శశికి మళ్ళీ మొదలుపెట్టాను. ఆడమ్స్ ఎందుకు ఆగాడు, అహమా, వయసా, అని. వాడు గిన్నె కింద పెట్టాడు.

"ఆడమ్స్ ఏం చేశాడో నాకనవసరం తాయారూ. నవీన వాళ్ళమ్మ పోయినప్పుడు నువ్వేం చేశావు?"

ఇన్ని పేజీలు రాశాను, ఈ ఒక్కటి రాయలేదు. 2016 ఆగస్టులో నవీన వాళ్ళమ్మ పోయింది. వాట్సాప్ గ్రూపులో ముప్ఫై మంది దణ్ణం బొమ్మలు పెట్టారు. నేను అది కూడా పెట్టలేదు. ముందు నేను లొంగినట్టు అవుతుందనుకున్నాను. ఆవిడతో స్కైప్‌లో ఎన్నిసార్లు మాట్లాడానో. బిడ్డా అని పిలిచేది నన్ను.

జెఫర్సన్ కూతురు పోయినప్పుడు, ఇంకా ఇద్దరికీ మాటల్లేని రోజుల్లోనే, ఆడమ్స్ భార్య అబిగైల్ ఓదార్పుగా ఉత్తరం రాసింది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం. నాకు నా మీద అసహ్యం వేస్తోంది.

2 జూన్, శనివారం

పోస్ట్ చేశాను. అర పేజీ.

2014లో అన్న మాట తప్పు, సరదాగా అనలేదు, అహంకారంతో అన్నాను అని రాశాను. అమ్మ పోయినప్పుడు రాయలేదు, ఆడమ్స్ ఇంట్లో ఆ పనికి అబిగైల్ ఉంది, నా ఇంట్లో నేనే ఉన్నాను, నేనే రాయలేదు అని రాశాను. రెండు మంగళగిరి జాకెట్టు ముక్కలు ఆంటీ చేతికిస్తున్నాను, ఊరు వదిలి వెళ్ళే ఆడపిల్లను ఉత్త చేతులతో పంపకూడదు కదా అని రాశాను.

ఆడమ్స్ కూడా 1812లో అదే చేశాడు. ఇంట్లో నేసిన రెండు గుడ్డముక్కలు విడిగా పంపుతున్నానని రాశాడు. సరదాకి అన్న మాట అది, పంపింది పుస్తకాలు. పార్సిల్ చేరకముందే జెఫర్సన్ నిజంగా గుడ్డే అనుకుని, వర్జీనియాలో నేతపని గురించి పొడుగ్గా జవాబు రాశాడు. పాత కోపాల ఊసే లేదు. మేం పడీ పడీ నవ్విన ఉత్తరం అది.

నావి మాత్రం నిజం గుడ్డలు.

9 జూన్

పోస్ట్‌బాక్స్ ఖాళీ. రోజుకు మూడుసార్లు చూస్తున్నాను. శనివారం పోస్ట్ రాదని శశి చెప్పాడు. తెలుసు.

14 జూన్, గురువారం, మధ్యాహ్నం

వచ్చింది. నాలుగు పేజీలు. క్షమించాననీ లేదు, క్షమించలేదనీ లేదు. మొదటి లైను నుంచీ నేతపని. సిరిసిల్లలో మగ్గాలెన్ని, పడుగంటే ఏంటి, పేకంటే ఏంటి, గంజి ఎట్ల పెడతరు. జెఫర్సన్! మొదటి పేజీకి గట్టిగా నవ్వాను, క్లినిక్‌లో పేషెంట్లు చూస్తున్నా సరే. నాలుగో పేజీ కాపీ చేసుకుంటున్నాను, కాగితం పోతుందేమోనని భయం.

"మా అమ్మ కండెలు చుట్టేది. దారం కోసుకపోయి వేళ్ళకు గీతలుండేవి. స్కైప్‌ల చెయ్యి ఊపితే నువ్వు చూసి, అమ్మా చేతికేమైంది అన్నవ్. అన్నేండ్లల్ల ఆమెను అట్ల అడిగింది నువ్వొక్కదానివే. చివరిదాంక యాది పెట్టుకున్నది. ఫోన్ చేసినప్పుడల్లా తాయారు మంచిగున్నదా అనేది. మంచిగున్నది, రోజూ మాట్లాడుకుంటున్నం అని చెప్పిన. గుడ్డలు ఇంకా రాలేదు."

16 జూన్, శనివారం

ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ముక్కలు ఇంకా కుట్టుమిషను మీదే ఉన్నాయి. మీ కల ఎంత పని చేసిందో చూడండి, ఇది దైవసంకల్పం అన్నాను. ఆవిడ మిషను ఆపి, కళ్ళజోడు తీశారు.

"కల నాకెక్కడిది అమ్మాయ్? ఫిబ్రవరిలో జాకెట్టు కొలతలకొచ్చినప్పుడు నవీనే చెప్పింది. మీ ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నట్టు కలొచ్చిందని చెప్పండి ఆంటీ, దానికి ఒక్కదానికే అర్థమవుద్ది అంది. నీకు అర్థం కాలేదని మూడు నెలలు బాధపడింది ఆ పిల్ల."

అమెరికాలో ఎవరు ఎవరికి ఏ తేదీన ఏం రాశారో నిద్రలో అడిగినా చెబుతాను. నాకోసం పంపిన కల మాత్రం తెలుసుకోలేకపోయాను. ఆ మిషను పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆంటీ జాకెట్టు ముక్క ఇవ్వబోయి, అది మంగళగిరిదని చూసుకుని, టిష్యూ ఇచ్చారు.

24 జూన్, ఆదివారం

పెటోనేలో నవీన ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. గిన్నెలు తను కడిగింది.

4 జూలై 2018

పెర్త్ నుంచి మెసేజ్: "జెఫర్సన్ బతికే ఉన్నడు."

అక్షయను పడుకోబెడుతూ రెండు గంటలు చూసుకోలేదు. ఆడమ్స్ కూడా, అని పంపాను.