మల్లవ్వ మొగుడి ఫోటో

కొత్తకోట,
30-10-2022, ఆదివారం.

పూజ్యురాలైన నాగులమ్మ వదినకు, నీ తమ్ముడి భార్య కోమల మొక్కి రాస్తున్న సంగతులు.

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టాలి. నేనూ సునీలూ ఉన్నాం. తింటున్నాం, పడుకుంటున్నాం, వాడు జడ్చర్ల కంపెనీకి పోయి వస్తున్నాడు. దాన్నే క్షేమం అనుకో. అక్కడ నువ్వు, బాలస్వామి అన్న, శైలజ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? మగ్గం ముందు గంటలు గంటలు కూర్చోవద్దని డాక్టర్ చెప్పాడని విన్నాను. నువ్వు ఎవరి మాటా వినే మనిషివి కాదు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. శైలజ ఎత్తి, అమ్మ బజారుకు పోయింది అత్తమ్మా అంటుంది. పాపం దానికి అబద్ధమాడటం రాదు. అందుకే ఉత్తరం. ఈ కాలంల ఉత్తరమేందమ్మా అని సునీల్ నవ్వాడు. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని చింపాలనుకుంటే చింపు గానీ, చివరిదాకా చదివి చింపు. శైలజ చేత చదివించుకోకు, నువ్వే చదువు.

ముందు పని మాట. మీ తమ్ముడి సంవత్సరీకం నవంబరు పన్నెండు, శనివారం. అయ్యగారు తిథి చూసి చెప్పాడు. నువ్వు రావాలి. ఆడబిడ్డ రాలేదేమని నలుగురూ అడుగుతారని కాదు, అడిగితే అడగనీ. నువ్వు లేకుండా ఆయన పేరు మీద అన్నం వండటం నా వల్ల కాదు. ఆయనకు నీ తర్వాతే నేను. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నెలకే నాకు అది అర్థమైంది, కొన్నాళ్లు కడుపు మండింది కూడా.

నువ్వు ఎందుకు రావో నాకు తెలుసు. పదకొండో రోజు విస్తళ్లు వేశాక, అందరి ముందరా నువ్వన్న మాట నాకు పొల్లు పోకుండా గుర్తుంది. బతికుండంగనే నా తమ్మునికి దండేపిచ్చినవు, టీవీల కనవడాలెనని ఇంటాయన్నే గోడకెక్కిచ్చినవు అన్నావు. అన్నం ముట్టకుండా లేచి పోయావు. నేను ఆ రోజు ఏమీ అనలేదు. నోరు లేక కాదు, నా సంగతి నీకు తెలుసు. ఏం చెప్పాలన్నా అలుపొచ్చింది, అంతే. ఇప్పుడు చెబుతాను.

ఆ మల్లవ్వ సినిమా సంగతి నీకు చెప్పనవసరం లేదు, నారాయణపేటలో నువ్వే మూడుసార్లు చూశావు. మల్లవ్వ పొద్దున లేస్తే గోడ మీది మొగుడి ఫోటోను తిట్టడం, ఆఖరున కృష్ణా పుష్కరాల్లో పోయాడనుకున్న మొగుడు సంచి పట్టుకుని గడపలో నిలబడటం. దాన్నే టీవీవాళ్లు ఆదివారం ఆదివారం అరగంట చొప్పున పదమూడు వారాల సీరియల్ చేస్తామని పోయిన ఏడాది జూలైలో మన ఇంటికి వచ్చారు. పాత పెంకుటిల్లు, ముందు వరండా, హైవేకు దగ్గర. డైరెక్టర్ విజేందర్ చూసీ చూడగానే ఇదే మల్లవ్వ ఇల్లు అన్నాడు. అని, గోడలకు చిలకపచ్చ రంగు వేయించాడు. నా ఫ్రిజ్ తీసి వెనక పెట్టించాడు. నా పొయ్యి టీవీలో పొయ్యిలా కనిపించదట, వేరే పొయ్యి తెచ్చాడు. నా ఇంట్లో నాకు ఉప్పు డబ్బా దొరికేది కాదు. మీ తమ్ముడు మాత్రం పెండ్లికొడుకు లెక్క తిరిగేవాడు.

మల్లవ్వ వేషం ఎస్తేరమ్మది. మహబూబ్‌నగర్ మనిషి, పదిహేనేళ్లు నాటకాలు ఆడింది. మంచి మనిషి, చర్చికి పోకుండా ఆదివారం షూటింగుకు రాదు. మొదటి రోజే చిక్కు వచ్చింది. సినిమాలో ఫోటో పెద్ద నటుడిది, దాన్ని సీరియల్‌లో వాడనీయలేదు. ఇంకెవరి ఫోటో పెట్టాలని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, మీ తమ్ముడు లోపలికి పోయి తన ఫోటో తెచ్చాడు. శైలజ పెద్దమనిషైన ఫంక్షన్‌లో తెల్ల చొక్కాతో తీసినది, ఫ్రేము కట్టించుకున్నాడు చూడు, అదే. ఇగో గీ మొకం పనికొస్తదా అని అడిగాడు. ఎవరూ అడగలేదు వదినా. నేనివ్వలేదు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. వచ్చి చూసేసరికి ప్లాస్టిక్ దండ వేసి, చందనం బొట్టు పెట్టి, గోడకు కొట్టేశారు.

తీయించమన్నాను. నీకు పిచ్చి అన్నాడు. ఖాసిం అన్న చాయ్ హోటల్లో అందరూ నవ్వారు, మర్హూం సాబ్ వచ్చిండు, చాయ్ పొయ్యుండ్రి అని. పోయినవాళ్లను అట్లా అంటారట. ఆయనకు అదీ ముద్దే.

ఎస్తేరమ్మ ఒక్కతే నా మాట మాట్లాడింది. బతికున్న మనిషి ఫోటోకు దండేస్తే, ఆ మనిషి కెమెరా ముంగట నిలబడి ఒక్కసారి నవ్వాలె, మా నాటకాలల్ల గట్లనే చేస్తరు, చచ్చే సీను చేసినోళ్లు గూడ లేచి నవ్వినంకనే ఇంటికి పోతరు అంది. విజేందర్ దానికేముంది, పదమూడో వారం మల్లవ్వ మొగుడు తిరిగొస్తడు గదా, ఆ వేషం అన్నతోనే ఏపిస్తా, నవ్వుడే కాదు, డైలాగు గూడ ఉంటది అన్నాడు. ఇక మీ తమ్ముణ్ని పట్టేవాళ్లు ఎవరు? డైలాగు కాగితం మీద రాయించుకుని దుకాణంలో పెట్టుకున్నాడు. ఏందే మల్లవ్వా, ఇంకా తిడుతనే ఉన్నవా అని ఒక్క ముక్క. మోటార్లు రిపేరుకు తెచ్చిన రైతులకు కూడా చెప్పి చూపించేవాడు. కాలిన మోటారు పట్టుకుని, పొలం ఎండుతోందని వచ్చినవాడు ఆ డైలాగు విని పోవలసి వచ్చేది.

ఆగస్టు నుండి సీరియల్ వచ్చింది. నువ్వూ చూశానన్నావు, ఫోటో చూసి భయమేసిందన్నావు. నేను ఆయన మాటే నీకు చెప్పాను, పదమూడో వారం బతుకుతాడులే వదినా అని. తొమ్మిది వారాలకు ఆపేశారు. ఎవరూ చూడటం లేదట. సినిమాను మూడుసార్లు చూసిన జనం, దాన్నే ఊరికే ఇంట్లోకి తెచ్చి చూపిస్తే చూడలేదు. పదో ఆదివారం మేం టీవీ పెడితే వంటల ప్రోగ్రాం వస్తోంది. మీ తమ్ముడు టైం మారిందేమోనని సాయంత్రం దాకా టీవీ ముందే కూర్చున్నాడు. రెండు రోజులకు వ్యాను వచ్చింది. లైట్లు, పొయ్యి, దండ తీసుకుపోయారు. ఫోటో మనదే కాబట్టి వదిలిపోయారు. విజేందర్ రాలేదు.

పదమూడో వారమే లేకుండా పోయింది కాబట్టి ఆయన తిరిగి రావడం కూడా లేదు. అట్లా మల్లవ్వ మొగుడు చచ్చినవాడు చచ్చినట్టే ఉండిపోయాడు. ఇది నవ్వొచ్చే సంగతే. ఆయన మాత్రం రోజూ గడ్డం గీసుకుని, ఆ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. విజేందర్‌కు ఫోన్ చేసేవాడు. మొదట మోగేది, తర్వాత మోగడం కూడా మానేసింది.

తర్వాతది నీకు తెలుసు. మంగళవారం పన్నెండున్నరకు మోటారు ముందేసుకుని, రాగి తీగ చుడుతూ చుడుతూ తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఖాసిం అన్న చాయ్ పక్కన పెట్టి పోయాడట. వనపర్తి దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. గుండె అన్నారు. వాకిట్లో నువ్వు పొర్లి పొర్లి ఏడ్చావు. నాకు ఏడుపు రాలేదు, అది కూడా నువ్వు చూశావు. ఇప్పటికీ రాలేదు. బియ్యం కడుగుతాను, బట్టలు ఆరేస్తాను, ఎవరైనా జోకేస్తే నవ్వుతాను కూడా. పంటి డాక్టర్ సూది వేశాక పెదవి ఉంటుంది చూడు, ఉందని తెలుస్తుంది గానీ మనదనిపించదు. నాకు ఒళ్లంతా అట్లానే ఉంది. నీ మీద కోపం కూడా తెచ్చుకోవాలని చూశాను, ఎంతకూ రాలేదు.

ఒక సంగతి చెబితే నీకు సంతోషమవుతుందేమో. ఆ తొమ్మిది భాగాలూ యూట్యూబులో ఉన్నాయి. నాలుగో భాగంలో మల్లవ్వ, పోయినోనివి పోక గీ తాళం చెయ్యి యాడ వెట్టినవో చెప్పి పోవద్దా అని ఫోటోను తిడుతుంటే, వెనక నుండి ఎవరో కిసుక్కున నవ్వుతారు. తీసేయడం మర్చిపోయారు. అది మీ తమ్ముడే. కెమెరా వెనక స్టూలు మీద కూర్చుని, తనను తిడుతుంటే తానే నవ్వాడు. శైలజను అడుగు, ఫోన్‌లో పెడుతుంది.

కాబట్టి వదినా, ఫోటో ఇచ్చింది నేను కాదు. టీవీ పిచ్చి నాది కాదు. పోయిన మనిషి మీద చాడీ చెప్పినట్టుంటుందని ఏడాది ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి, కోపం వదిలి పన్నెండో తేదీకి రా. ముందు రోజే రా. అన్నను, శైలజను వెంటబెట్టుకుని రా. బస్టాండుకు సునీల్ వస్తాడు.

నీ రాక కోసం ఎదురుచూసే,
కోమల.

తా.క. ఉత్తరం కవరులో పెట్టి, మళ్లీ బయటికి తీశాను. పైన రాసిందంతా నిజమే. కానీ ఒకటి రాయలేదు.

వ్యాను పోయిన మూడో రోజు పొద్దున ఎస్తేరమ్మ వచ్చింది. కెమెరా పట్టుకుని జానీ అనే మనిషి కూడా వచ్చాడు, ఆ సీరియల్‌కు పని చేసినవాడే. నాతో, సీరియల్ పోతే పోయింది వదినా, అన్నను గోడ మీద గట్లనే వదిలేసి పోతే నాకు మనసొప్పుతలేదు, గడపల నిలబడి ఆ మాట అని ఒక్కసారి నవ్వితే చాలు, ఐదు నిమిషాల పని, అన్నను జర పిలువు అంది. ఎవరూ పంపకపోయినా, ఆమె తనంతట తానే వచ్చింది.

ఆయన అలంపూర్ పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదని చెప్పాను. మీ తమ్ముడు పెరట్లో స్నానం చేస్తున్నాడు.

ఎందుకు చెప్పానో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండేది. విసుగు, అంతే. ఆ డైలాగు వినీ వినీ విసుగు. రిపేరు కాని మోటార్లు దుకాణం ముందు వరస కట్టి ఉన్నాయి. ఇది తీస్తే ఎప్పుడు టీవీలో వస్తుందని మళ్లీ ఏడాది చూస్తాడు, ఈ పీడ ఇవాళ్టితో పోవాలి అనుకున్నాను. ఎస్తేరమ్మ కాసేపు వరండాలో కూర్చుంది. నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. లేచి పోయింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఎవరొచ్చిండ్రు అంటే, కరెంటు బిల్లాయన అన్నాను.

దండ వేస్తే మనుషులు చస్తారని నువ్వు నమ్ముతావు, నేను నమ్మను. ఫోటో ఆయన్ను చంపలేదు. నేను చేసింది వేరే. ఇది చదివి నువ్వు రాకపోతే నిన్ను తప్పు పట్టను. నీ గురించి అడిగినవాళ్లకు కారణం నేనే చెబుతాను.

ఆ తర్వాత ఆయన ఏడు వారాలు బతికాడు. రోజూ చెప్పడానికి వీలుండేది. పోయే ముందు ఆదివారం అన్నం తింటూ, ఎస్తేరు గూడ మర్చిపోయిందే, సొంత చెల్లె అనుకున్న అన్నాడు. నేను ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను.